ఇప్పపువ్వు, ఇంటి బట్టీ: కోటా అడవి పల్లెల సహజ మద్యం

కోటా అనగానే చాలామందికి రాజస్థాన్‌లోని శిక్షణ సంస్థల నగరం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలోని కోటా అది కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు సాగే రైలు మార్గంలో సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న చిన్న పట్టణమిది. ఊరి పేరు కోటా అయినా స్టేషన్ పేరు మాత్రం కర్గీ రోడ్. ఇక్కడి నుంచి ఉత్తరానికి కదిలిన రైలు బేల్‌గహనా, ఖోంగ్‌సరా స్టేషన్ల మీదుగా అడవుల్లోకి, కొండల్లోకి ప్రవేశించి పెండ్రా రోడ్ చేరుతుంది. పట్టణానికి పశ్చిమాన మైకల్ కొండల వైపు అచానక్‌మార్ అరణ్యం విస్తరించి ఉంది. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా దానిని ప్రకటించారు.

ఈ ప్రాంతం ద్రాక్షకు పేరుపడిన నేల కాదు. అయితే ఐరోపాలో ఇటీవలి దశాబ్దాలలో 'సహజ వైన్' పేరిట ఆదరణ పొందుతున్న పద్ధతికి మూలసూత్రమైనది ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఆచరణలో ఉంది. బయటి నుంచి ఏమీ కలపకుండా, పండుకో పువ్వుకో అంటి ఉన్న సూక్ష్మజీవులతోనే పులియనిచ్చి, ఒక కుటుంబం తనకు కావలసినంత మాత్రమే తయారు చేసుకోవడమే ఆ సూత్రం. ద్రాక్షకు బదులు ఇక్కడ ఇప్పపువ్వు ఉంటుంది. ద్రాక్షతోటకు బదులు పొలం గట్టు మీదో, అడవి అంచునో పెద్దలు వదిలి వెళ్లిన నాలుగైదు చెట్లు ఉంటాయి.

పోలికకు ఒక హద్దు ఉందన్న సంగతి ముందే చెప్పుకోవాలి. వైన్ పులియబెట్టిన పానీయం. ఇప్పసారా పులిసిన ఊటను కాచి, ఆవిరిని చల్లార్చి దింపిన పానీయం. మొదటి సగం రెండింటికీ ఒకటే, రెండవ సగం వేరు. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నది ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన అంశం.

చెట్టు, పువ్వు

ఇప్పను సంస్కృతంలో మధూకమని, హిందీలో మహువా అని అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు మధుకా లాంగిఫోలియా. గోదావరి లోయ నుంచి వింధ్య పర్వతాల దాకా, గుజరాత్ నుంచి జార్ఖండ్ దాకా ఆదివాసీ జీవనంలో దీనికి సాటి వచ్చే చెట్టు మరొకటి లేదు. పువ్వు ఆహారం, ఎండుపువ్వు నిల్వధనం, గింజ నూనె, ఆకు విస్తరి. కోటా పరిసరాల్లో గింజను డోరీ అంటారు. ఆ నూనెను వంటకు, దీపానికి, ఒంటికి రాసుకోవడానికి వాడతారు.

ఆకులు రాలిన చెట్టుకు ఫాల్గుణ, చైత్ర మాసాలలో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, కొమ్మల చివర గుత్తులుగా మొగ్గలు వస్తాయి. పువ్వు రాత్రివేళ విచ్చుకుంటుంది. గబ్బిలాలు వచ్చి పరాగ సంపర్కం చేస్తాయి. తెల్లవారుజామున మీగడ రంగులో, కండగల, రసంతో నిండిన పూరేకుల గిన్నెలు చెట్టు కింద టపటపా రాలిపడతాయి. తాజా పువ్వు బరువులో సుమారు ముప్పాతిక భాగం నీరే. ఎండిన పువ్వు బరువులో సగానికి మించి చక్కెరలు ఉంటాయి. పులియడానికి కావలసిన మూలద్రవ్యం ఇంత సిద్ధంగా, నలగగొట్టవలసిన, ఉడికించవలసిన పని లేకుండా దొరకడం అరుదు. బియ్యం నుంచో జొన్నల నుంచో మద్యం తీయాలంటే ముందు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చాలి. ఇప్పపువ్వు విషయంలో ఆ పని చెట్టే చేసి పెడుతుంది.

మద్యం ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటి మధ్య భారత ఆదివాసుల్లో ప్రచారంలో ఉంది. చెట్టు తొర్రలో నిలిచిన వాననీటిలో ఇప్పపూలు రాలి పులిశాయట. ఆ నీరు తాగిన పక్షులు తూగుతూ తలలు ఊపడం చూసి మనుషులు రుచి చూశారట. కథ సంగతి ఎలా ఉన్నా, అందులో చెప్పిన రసాయన క్రియలో తప్పు లేదు. చక్కెర, నీరు, గాలిలో తిరిగే ఈస్ట్ ఒకచోట చేరితే మనిషి ప్రమేయం లేకుండానే పులుపు మొదలవుతుంది. ప్రాచీన వైద్య గ్రంథమైన చరక సంహితలోనూ ఆసవాల జాబితా ఉంది. పువ్వులతో చేసే ఆసవాలలో మధూకాసవం ఒకటిగా అందులో కనిపిస్తుంది.

ఏరడం

పువ్వు రాలే కాలంలో ఇల్లంతా చెట్టు కిందనే ఉంటుంది. ఏరుబడిలో పెద్దభాగం స్త్రీలది, పిల్లలది. చీకటి విడవకముందే బుట్టలతో బయలుదేరి, ఎండ ముదిరేలోగా నేలమీది పువ్వును ఒక్కొక్కటిగా ఏరుతారు. ఆలస్యమైతే పశువులు తింటాయి, ఎండకు పువ్వు వాడిపోతుంది. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. అడవిలోని చెట్లకు సైతం ఈ కట్టుబాటు వర్తిస్తుంది. పత్రంలో లేని హక్కు అయినా దాన్ని మీరడం తప్పుగానే పరిగణిస్తారు.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. ఇప్పపువ్వు ఎలుగుబంటికి కూడా ప్రీతికరమైన ఆహారం. కోటాకు ఉత్తరాన ఉన్న మర్వాహీ అడవులు ఎలుగుబంట్లకు పెట్టింది పేరు. పువ్వు ఏరడానికి చీకట్లో వెళ్లిన వారిపై దాడులు జరగడం ఆ ప్రాంతాల్లో వేసవి వార్తలలో మామూలైపోయింది. మనిషీ మృగమూ ఒకే చెట్టు కిందికి ఒకే వేళకు రావడమే అందుకు కారణం.

రెండో ప్రమాదం నిప్పు. రాలిన ఆకుల మధ్య పువ్వు కనిపించదు కనుక చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి నేల శుభ్రం చేసే అలవాటు ఉంది. గాలికి ఆ మంట అడవిలోకి పాకుతుంది. వేసవిలో రేగే అడవి మంటలకు ఇదొక ముఖ్య కారణమని అటవీ శాఖలు ఏటా హెచ్చరిస్తాయి. దీనికి విరుగుడుగా చెట్టు కింద వలలు కట్టే పద్ధతిని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో ప్రోత్సహిస్తోంది. పువ్వు నేలను తాకకుండా వలలో పడుతుంది కనుక మట్టి, ఇసుక అంటవు. నిప్పు పెట్టే అవసరమూ ఉండదు. ఆహారానికి, ఎగుమతికి ఇలా సేకరించిన పువ్వే కావాలి. మంచి సారాకూ అదే కావాలి.

ఏరిన పువ్వును వాకిట్లోనో, పేడతో అలికిన కళ్లంలోనో పరిచి మూడు నాలుగు రోజులు ఎండబెడతారు. మీగడ రంగు పోయి ఎండుద్రాక్ష రంగు వస్తుంది. చేతితో పిసికితే తేమ తగలకూడదు. తేమ మిగిలితే వర్షాకాలంలో బూజు పడుతుంది. ఎండిన పువ్వు నుంచి వచ్చే ఘాటైన వాసన అలవాటు లేనివారికి మొదట వెగటుగా తోస్తుంది. అడవి పల్లెల్లో పుట్టిపెరిగిన వారికి మాత్రం అది ఇల్లు గుర్తుకు తెచ్చే వాసన.

కుండలో ఊట

తెలుగునాట నాటుసారా వార్తలలో తరచుగా వినిపించే 'ఊట' అన్న మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఎండిన పువ్వును కుండలో వేసి, మునిగేటంత నీరు పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి నీడన ఉంచుతారు. మధ్య భారతంలోని గోండు, బైగా పల్లెల్లో ఎక్కువగా అంతకు మించి ఏమీ కలపరు. జార్ఖండ్, ఒడిశా వైపు కొన్ని సముదాయాలు బియ్యప్పిండి, అడవి వేళ్లతో చేసిన 'రాను' అనే బిళ్లలు వేసి పులుపును ప్రారంభిస్తాయి. ఇక్కడ పువ్వుకు అంటుకున్న ఈస్ట్, పాత కుండ గోడలలో మిగిలిన ఈస్ట్ ఆ పని చేస్తాయి. సారాకు వాడే కుండను వేరే పనికి వాడకపోవడం వెనుక ఆచారంతో పాటు ఈ అనుభవం కూడా ఉంది.

ఒకటి రెండు రోజులలో నీటిపై నురుగు లేస్తుంది. పూలు పైకి తేలతాయి. కుండకు చెవి ఆనిస్తే లోపలి బుడబుడలు వినిపిస్తాయి. వేసవిలో నాలుగైదు రోజులకు, చలికాలంలో వారం దాటాక, ఆ చప్పుడు తగ్గి, తీపి పోయి పులుపు పొడచూపుతుంది. ఊట సిద్ధమైందని అప్పుడు తెలుస్తుంది. అక్కడ కొలమానాలు లేవు. చెవి, ముక్కు, నాలుక ఈ మూడే పరికరాలు.

ఇప్పుడు ఐరోపా వైపు చూడాలి. లూయీ పాశ్చర్ 1850ల చివర నుంచి జరిపిన పరిశోధనలతో పులియడమన్నది జీవక్రియ అని స్థిరపడింది. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే రకపు శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేసి పెంచే విధానం కనుగొన్నారు. ఆ తరువాత బీరు, క్రమంగా వైన్ తయారీ కూడా పరిశ్రమగా మారాయి. ద్రాక్షరసంలోని సహజ సూక్ష్మజీవులను గంధక సమ్మేళనాలతో అణచివేసి, ఎంపిక చేసిన ఈస్ట్‌ను చేర్చి, చక్కెర, ఆమ్లం సరిచేసి, వడకట్టి సీసాలో నింపడం మామూలైంది. ప్రతి ఏడూ ఒకే రుచి వస్తుందన్న భరోసా ఈ విధానం ఇచ్చింది. ఆ భరోసాయే కొందరికి లోపంగా తోచింది. ఫ్రాన్స్‌లోని బోజోలే ప్రాంతానికి చెందిన వ్యాపారి, రసాయన శాస్త్రజ్ఞుడు జూల్ షోవే (1907–1989) గంధకం లేకుండా, సహజ ఈస్ట్‌తోనే వైన్ చేయడంపై చేసిన కృషిని సహజ వైన్ ఉద్యమానికి పునాదిగా భావిస్తారు. 2020లో ఫ్రాన్స్‌లో ఈ రకం వైన్‌కు ప్రత్యేక ముద్ర వచ్చింది. సేంద్రియ ద్రాక్ష, చేతితో కోత, సహజ ఈస్ట్ దాని నిబంధనలు. సల్ఫైట్లు కలిపినా లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఐరోపా సమాఖ్యలో సాధారణ ఎర్ర వైన్‌కు ఆ పరిమితి 150 మిల్లీగ్రాములు. జార్జియా దేశంలో మట్టికుండలను భూమిలో పాతి వైన్ చేసే క్వెవ్రీ పద్ధతిని యునెస్కో 2013లో మానవాళి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

క్వెవ్రీ కుండకూ బైగా ఇంటి కుండకూ పని ఒకటే. మధ్య తేడా గుర్తింపుది.

అయితే సహజ వైన్ తయారీదారు నిరంతరం ఎదుర్కొనే సమస్య ఒకటుంది. గంధకం వేయని వైన్ నిలవ ఉండటం కష్టం. గాలి తగిలితే ఎసిటిక్ ఆమ్లం పుట్టించే బ్యాక్టీరియా దానిని సిర్కాగా మార్చేస్తుంది. యూరప్ చల్లని నేలమాళిగలలోనే ఇది బెడద అయినప్పుడు, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే బిలాస్‌పూర్ ఎండలో ఊట గతి చెప్పనక్కరలేదు. ఒక రోజు ఆలస్యమైనా పాడైపోతుంది. ఇక్కడి కుటుంబాలు ఈ చిక్కును మందులతో కాక నిప్పుతో పరిష్కరించుకున్నాయి. ఊట పక్వానికి రాగానే కాచేస్తారు. వైన్‌గా మిగలవలసినది సారాగా మారడానికి ఉన్న కారణాల్లో వాతావరణానికి పెద్ద వాటా ఉంది.

మూడు కుండల బట్టీ

ఇంటి బట్టీ నిర్మాణం చూడటానికి సాదా, ఆలోచనలో నిశితం. పొయ్యి మీద ఊట ఉన్న పెద్ద కుండ ఉంటుంది. దాని మూతి మీద అడుగున రంధ్రాలున్న రెండో కుండను కూర్చోబెడతారు. ఆ రెండో కుండ లోపల, నడిమధ్య, ఒక చిన్న గిన్నె ఉంటుంది. అన్నిటికన్నా పైన చల్లని నీటితో నిండిన మూడో పాత్రను మూతలా పెడతారు. అతుకుల దగ్గర ఆవిరి పోకుండా తడిగుడ్డ చుట్టి, మట్టి మెత్తుతారు.

కింద మంట పెట్టగానే ఊటలోని ఆల్కహాలు, కొంత నీరు, సువాసన ద్రవ్యాలు ఆవిరై రంధ్రాల గుండా పైకి లేస్తాయి. చల్లని పాత్ర అడుగు తగిలి, చుక్కలుగా మారి, సరిగ్గా కింద ఉన్న గిన్నెలోకి జారతాయి. ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మంట నెమ్మదిగా ఉంటేనే ఈ తేడా పనికివస్తుంది. మంట ఎక్కువైతే నీరూ, మాడు వాసనా గిన్నెలోకి చేరతాయి. అందుకే బట్టీ దగ్గర అనుభవమున్న పెద్దావిడ కట్టెలు ఎగదోయడం కన్నా వెనక్కి లాగడంలోనే ఎక్కువ శ్రద్ధ చూపుతుంది.

పై పాత్రలో నీరు వేడెక్కగానే మార్చాలి. ఎన్నిసార్లు నీరు మార్చారన్నదే ఇక్కడ సారా ఘాటుకు కొలత. మొదటి ఒకటి రెండు మార్పులలో దిగినది అన్నిటికన్నా ఘాటు. మార్పులు పెరిగే కొద్దీ పలచబడుతుంది. అతిథికి ఏది, పూజకు ఏది, పొలం పని ముగించి వచ్చిన మనిషికి ఏది అన్న విచక్షణ ఆ లెక్క ప్రకారమే జరుగుతుంది. కొంచెం నిప్పులో చిలకరించి మంట లేస్తుందో లేదో చూడటం మరో పరీక్ష. కాచిన తరువాత కుండలో మిగిలిన పిప్పి పశువుల తొట్టిలోకి పోతుంది.

కొత్తగా దిగిన ఇప్పసారా నీళ్లలా తేటగా, గోరువెచ్చగా ఉంటుంది. పొగ వాసన, పువ్వు వాసన కలగలిసి ఉంటాయి. తాగేముందు నాలుగు చుక్కలు నేలపై వదిలి పితృదేవతలను తలచుకోవడం ఆచారం. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, పంచాయతీ తీర్పుకు కూడా ఇది ఉండాలి. మైకల్ కొండలలో బైగాల నడుమ నివసించి 1939లో 'ది బైగా' గ్రంథం వెలువరించిన మానవ శాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ రచనలలో ఇప్పచెట్టుకు, సారాకు ఉన్న స్థానం విస్తృతంగా కనిపిస్తుంది. ఆదిలాబాద్ రాజగోండుల మధ్య 1940లలో పనిచేసిన హైమన్‌డార్ఫ్ చూసిన లోకం కూడా దీనికి దగ్గరి చుట్టమే.

ఏది ప్రమాదం

'సహజం' అన్న మాటను 'క్షేమం' అన్న మాటకు పర్యాయపదంగా వాడటం సరికాదు. ఆల్కహాలు ఏ పువ్వు నుంచి వచ్చినా కాలేయానికి ఒకటే. ఇంటి బట్టీలో దిగిన సారా ఘాటు కుండ కుండకూ మారుతుంది. కొలిచి తాగే వీలు లేకపోవడమే దాని మొదటి లోపం.

మిథనాల్ గురించి మాత్రం ఒక స్పష్టత అవసరం. పండ్లు, పువ్వులలోని పెక్టిన్ నుంచి పులిసేటప్పుడు స్వల్ప పరిమాణంలో మిథనాల్ పుట్టడం సహజం. ద్రాక్ష వైన్‌లోనూ అది ఉంటుంది. దేశంలో పదులకొద్దీ ప్రాణాలు తీసిన కల్తీ సారా ఘటనలకు సాధారణంగా కారణమైనది ఇది కాదు. పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను లాభం కోసం మద్యంలో కలపడమే ఆ మరణాలకు కారణం. అమ్మకం కోసం తొందరపడి కాచే చోట ఊటలో యూరియా వంటివి కలపడం, రసాయనాలు నింపిన పాత ప్లాస్టిక్ డ్రమ్ములలో పులియబెట్టడం మరో ముప్పు. తన ఇంటివారు తాగేదానిలో ఎవరూ యూరియా వేయరు. జోక్యం తక్కువగా ఉండటానికి అసలైన హామీ తయారు చేసినవారే తాగేవారు కావడంలో ఉంది. ఆ గొలుసు తెగి, సారా సరుకుగా మారిన రోజున కుండలోకి ఏది వెళ్లిందో చెప్పగలిగేవారు ఉండరు.

చట్టం చేతిలో పువ్వు

బ్రిటిష్ పాలనకు ఇప్పచెట్టు ఆదాయ సమస్యగా కనిపించింది. ప్రజలు ఇంట్లోనే సారా కాచుకుంటే ఆబ్కారీ ఖజానాకు వచ్చేదేమీ లేదు. బొంబాయి ప్రెసిడెన్సీలో 1878లో ఆబ్కారీ చట్టం వచ్చింది. 1892లో ఏకంగా ఇప్పపువ్వు సేకరణ, నిల్వలపైనే ఒక ప్రత్యేక చట్టం చేశారు. పువ్వును నియంత్రిస్తే సారాను నియంత్రించవచ్చన్నది దాని తర్కం. కరవు కాలంలో ఆ పువ్వే తిండి అన్న సంగతి ఆ తర్కానికి అడ్డు రాలేదు. కోటా ప్రాంతం నాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. అక్కడి 1915 ఎక్సైజ్ చట్టమే మధ్యప్రదేశ్ మీదుగా, 2000 నవంబర్ 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది.

విచిత్రమేమంటే, ఇక్కడ చట్టం అదుపు చేసిన పువ్వునే ఫ్రాన్స్ దిగుమతి చేసుకుంది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఫిల్లోక్సెరా అనే పురుగు ఫ్రెంచి ద్రాక్షతోటలను నాశనం చేసినప్పుడు, ఆల్కహాలు తయారీకి భారతదేశపు ఎండు ఇప్పపువ్వు ఓడలలో అక్కడికి వెళ్లింది. 2021లో కోర్బా జిల్లా అడవుల్లో ఆదివాసులు సేకరించిన ఎండుపువ్వును ఛత్తీస్‌గఢ్ నుంచి సముద్ర మార్గంలో ఫ్రాన్స్‌కు ఎగుమతి చేసినట్లు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా ప్రకటించింది. కోర్బా బిలాస్‌పూర్‌కు పొరుగు జిల్లా.

ప్రస్తుత నిబంధనల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగల కుటుంబాలు సొంత వాడకానికి 5 లీటర్ల వరకు ఇప్పసారా ఇంట్లో ఉంచుకోవచ్చు. అమ్మకం నేరం. రాష్ట్రంలో మద్యం దుకాణాలను 2017 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ సంస్థే నడుపుతోంది. కోటా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ సర్కిల్ రాజ్యాంగంలోని 5వ షెడ్యూల్ కింద ప్రకటించిన ప్రాంతంలో ఉంది. అందువల్ల 1996 నాటి పెసా చట్టం ఇక్కడ వర్తిస్తుంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, క్రమబద్ధం చేసే అధికారం గ్రామసభకు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ఛత్తీస్‌గఢ్ పెసా నియమావళి వెలువడింది మాత్రం 2022లో.

ఈ ఏర్పాటులోని అసమానతను దాచలేం. కోటా సమీపంలోని ఛేర్కాబాంధాలో పెద్ద డిస్టిలరీ పనిచేస్తోంది. అక్కడ తయారయ్యే మద్యానికి అనుమతి, పన్ను, ముద్ర అన్నీ ఉన్నాయి. అదే తాలూకాలో సంతలో రెండు సీసాల ఇప్పసారా అమ్మిన వితంతువుకు ఉండేది కేసు. పన్ను కట్టలేనంత చిన్నగా ఉండటమే ఆమె తయారీ లక్షణం, అదే ఆమె నేరం కూడా.

పొరుగున మధ్యప్రదేశ్ వేరే దారి ప్రయత్నించింది. ఇప్పసారాను 'వారసత్వ మద్యం'గా గుర్తిస్తామని 2021లో ప్రకటించి, ఆదివాసీ స్వయం సహాయక బృందాలకు తయారీ అనుమతి ఇచ్చింది. అలీరాజ్‌పూర్‌లో తయారైన 'మోండ్' ఆ విధంగా వచ్చిందే. గోవాలో ఒక ప్రైవేటు సంస్థ 2018లో ఇప్పపువ్వు మద్యాన్ని సీసాలలో మార్కెట్లోకి తెచ్చింది. సీసా, ముద్ర, ప్రయోగశాల పరీక్ష వచ్చాక మూడు కుండల బట్టీ స్థానంలో ఉక్కు, రాగి పాత్రలు రాక తప్పదు. నాణ్యత నిలకడగా ఉంటుంది. అప్పుడది సహజ పద్ధతా కాదా అన్న ప్రశ్న, బోజోలేలో లేచిన ప్రశ్నే, ఇక్కడా లేస్తుంది.

ఇంటి లెక్క

సారా కన్నా పువ్వే కుటుంబానికి పెద్ద ఆదాయం అన్నది బయటివారు తరచుగా మరిచిపోయే వాస్తవం. ఏరిన దానిలో కొంత తిండికి, కొంత కుండకు పోగా మిగిలినది సంతకు వెళుతుంది. చేతిలో డబ్బులేని ఏప్రిల్‌లో దళారీకి తక్కువ ధరకు అమ్మి, పండగల వేళ అదే పువ్వును ఎక్కువ ధరకు తిరిగి కొనడం చాలా ఇళ్లలో ఏటా జరిగే తంతు. 2020లో లాక్‌డౌన్ సమయంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎండు ఇప్పపువ్వు కనీస మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. ధర పెరిగితే ఇంట్లో కాచేది తగ్గి, సంతకు వెళ్లేది పెరగడం సహజం. పోలీసు దాడి సాధించలేనిది కొన్నిసార్లు తూకపురాయి సాధిస్తుంది.

తాగుడు వల్ల చితికిపోయే ఇళ్ల సంగతి వదిలి ఈ విషయం మాట్లాడటం న్యాయం కాదు. తెలుగువారికి ఈ చరిత్ర కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో మహిళలు లేవనెత్తిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబర్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చి 1997లో తొలగింది. ఆ మహిళలు ఎదిరించినది ప్రధానంగా వేలంపాట పాడిన గుత్తేదారు ప్యాకెట్ సారాను. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో బట్టీ చాలావరకు ఆడవారి చేతిలో ఉంది. కాచేదీ ఆమే, తాగివచ్చిన మగవాడిని భరించేదీ ఆమే. కనుక ఇక్కడ ఉద్యమానికి నినాదం అంత సులభంగా దొరకదు.

పువ్వును తిండిగా నిలబెట్టే ప్రయత్నాలు తెలుగు నేలలోనూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు తయారు చేసి అమ్ముతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో నువ్వులతో కలిపి దంచి చేసే లాటా పాతకాలపు వంటకమే. బ్రిటిష్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పువ్వు వేసవి సంతలో పరిచయమే. వారిలో ఉత్తరాంధ్ర మన్యం నుంచి వచ్చినవారికైతే పరిచయం చేయనక్కరలేదు.

చెట్టుకు వారసులు

వీటన్నిటి కింద నిశ్శబ్దంగా పెరుగుతున్న సమస్య ఒకటుంది. పువ్వు రాలగానే ఏరుతారు. మిగిలిన పూలు కాయలై జూన్, జులై నెలల్లో రాలితే గింజ కూడా నూనెకు ఏరుతారు. తప్పించుకుని మొలిచిన మొక్కను వేసవి నిప్పో, మేకో మిగలనివ్వదు. అందువల్ల పొలం గట్ల మీద మహావృక్షాలు కనిపిస్తాయి, వాటి పక్కన పిల్లచెట్లు కనిపించవు. అచానక్‌మార్ వంటి రక్షిత అరణ్యంలో పరిస్థితి కొంత మేలు. ఊరి చెట్లకు మాత్రం తరం తప్పుతోంది.

ద్రాక్షతీగను నాటిన రైతు మూడో ఏడు కోత చూస్తాడు. ఇప్ప నాటినవారు పువ్వు చూడాలంటే ఎనిమిది నుంచి పదేళ్లు ఆగాలి. ఎండబెట్టి దాచి, వచ్చే ఏడు నాటుదామంటే ఇప్పగింజ ఒప్పుకోదు. తేమ పోతే మొలకెత్తే శక్తి కొద్ది వారాలలోనే నశిస్తుంది. రాలిన గింజను తొలకరి వానలోనే మట్టిలో పెట్టాలి. అటవీ శాఖ నర్సరీలలో సంచుల్లో మొలకలు పెంచే పని జులైలోనే మొదలవుతుంది. అదే నెలలో కోటా పల్లెల్లో డోరీ గింజలు గానుగకు బయలుదేరతాయి.